జీపులకు మ్యాట్ ఆలివ్ డ్రాబ్ ఎనామెల్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఇది హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) లేకుండా వాడే, మెరుపు లేని (మ్యాట్) ఆల్కిడ్ ఎనామెల్. యుద్ధకాలపు విల్లీస్, ఫోర్డ్ జీపుల కోసం అమెరికన్ ఆలివ్ డ్రాబ్ నంబర్ 9 ఛాయకు కలిపినది. ఆరేళ్లు వాడాక చెప్పగలిగేది ఇదీ: దీనితో ఛాయ తప్పడం అరుదు, మెరుపు తప్పడమే ఎక్కువ. బానెట్ పొడిగా, ఫెండర్ కాస్త మెరుస్తూ ఆరితే ఒకే డబ్బా పెయింటు కూడా రెండు రంగుల్లా కనిపిస్తుంది. రంగు కలవలేదని తలపట్టుకునే ముందు రెండు ముక్కలనూ ఏటవాలు వెలుతురులో చూడండి.

డబ్బా కొనేటప్పుడు కూడా మెరుపే చూసుకోవాలి. అమెరికా ప్రభుత్వ రంగుల ప్రమాణమైన ఎఫ్.ఎస్. 595 నంబర్లలో మొదటి అంకె మెరుపుదే: 1 అయితే పూర్తి మెరుపు, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మ్యాట్. 24087, 34087 దగ్గరి చుట్టాలే గానీ బండి మీద ఒకటి కావు. పైగా ఆ ప్రమాణం 1956లో వచ్చింది. 1940ల జీపుకు 34087 సరిగ్గా అదే రంగని నమ్మి కలిపించుకోవద్దు.

మెరుపును చంపేది పెయింటులోని సన్నటి సిలికా పొడి. డబ్బా కదలకుండా ఉంటే అది అడుగున పేరుకుంటుంది. పైపైన తిప్పి పోసుకుంటే మొదటి లీటరు మెరుస్తుంది, ఆఖరి లీటరు సుద్దలా ఆరుతుంది. వెడల్పాటి బద్దతో అడుగు గీకుతూ కనీసం పది నిమిషాలు కలపాలి. జీపుకు బయటా లోపలా కలిపి సుమారు 4 లీటర్లు పడుతుంది. డబ్బాలన్నీ ఒకే బకెట్లోకి వంచి కలపండి, మరో అర లీటరు ముందే తీసి మూతపెట్టి దాచండి. గన్ కప్పు నింపే ప్రతిసారీ బకెట్ మళ్లీ కలిపి, 190 మైక్రాన్ల కాగితపు వడపోతలోంచి పోయాలి.

థిన్నర్ 10 నుంచి 15 శాతం. చిక్కదనం కొలిచే, అడుగున రంధ్రం ఉన్న డిన్ 4 కప్పులోంచి 18–20 సెకన్లలో కారిపోవాలి. పెయింటు తయారీదారు చెప్పిన థిన్నరే వాడండి. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ త్వరగా ఆరుతుందని కలిపితే, పూర్తిగా గట్టిపడని కింది కోటు ముడతలు పడి లేస్తుంది. ఆ తర్వాత గీకడం తప్ప దారి లేదు.

గన్ పైన కప్పు ఉండే హెచ్.వి.ఎల్.పి. రకం (ఎక్కువ గాలి, తక్కువ పీడనంతో కొట్టేది). ఈ పెయింటుకు 1.4 మి.మీ. నాజిల్, కింద వేసే ఎపాక్సీ ప్రైమర్‌కు 1.7. ట్రిగ్గర్ నొక్కి ఉంచినప్పుడు గన్ దగ్గర సుమారు 2 బార్ ఉండాలి. కంప్రెసర్ దగ్గరి మీటరును నమ్మవద్దు, సన్నని పొడవాటి గొట్టంలో పీడనం పడిపోతుంది. గాలి చాలకపోతే చుక్కలు పెద్దవై, పెయింటు నారింజ తొక్కలా గరుకుగా వస్తుంది.

15–20 సెం.మీ. దూరం, ప్రతి గీత మునుపటి దాన్ని సగం కప్పాలి. దూరం పెరిగితే పెయింటు గాల్లోనే ఆరి సుద్దలా పడుతుంది, దగ్గరైతే తడి ఎక్కువై అక్కడ మెరుస్తుంది. మొదట పలచని కోటు, 15–20 నిమిషాలకు తడి మెరుపు పోయాక రెండోది. అసలు పరీక్ష ఆఖరి కోటే. బానెట్ మీద ఒక అంచు నుంచి మరో అంచు దాకా ఆపకుండా లాగాలి, మధ్యలో ట్రిగ్గర్ వదిలితే చారలు తేలతాయి. వాటిని పాలిష్‌తో సరిచేయలేం. బాడీ లోపల ముందు కొట్టి, బయట తర్వాత, బానెట్ అన్నిటికన్నా చివర. లేకపోతే లోపలినుంచి ఎగిరి వచ్చే పొడి తుంపర బయటి కోటు మీద గరుకుగా అంటుకుంటుంది. సాయంత్రం పని పెట్టుకోవద్దు: ఆరకముందే మంచు పడితే తెల్లటి మబ్బు మరకలు మిగులుతాయి.

తుప్పు తీయడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం వాడితే, దాని శేషం పూర్తిగా పోయేదాకా ఎపాక్సీ వేయవద్దు. ఆ చోట ఎపాక్సీ పట్టు దొరక్క ఊడుతుంది.

ఎండకు బానెట్ వెలిసింది, గుడ్డతో రుద్దితే పొడి వస్తోంది. నిజాయితీగా చెప్పాలంటే సైనిక బండికి ఆ వెలిసిన అందమే బాగుంటుంది. చేతులు తగిలే అంచులు మాత్రం మెరుస్తున్నాయి, అది ఆపలేం. వాక్స్ అసలే వద్దు, తేలికపాటి సబ్బునీళ్లు చాలు.

పెద్ద లోపం పెట్రోలు. డ్రైవర్ సీటు కిందే ట్యాంకు ఉంటుంది కాబట్టి, నింపేటప్పుడు ఒలికితే పెయింటు మెత్తబడి వలయం పడుతుంది. ట్యాంకు కూర్చునే ఆ గుంతకు మాత్రం టూ ప్యాక్ (హార్డ్‌నర్ కలిపి వాడే) మ్యాట్ పాలీయురేథేన్ వేయడమే మంచిది. దాని హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా దాన్ని కొట్టవద్దు. ఈ ఎనామెల్‌లోనే హార్డ్‌నర్ కలిపితే మెరుపు పెరుగుతుంది కాబట్టి బయటి రేకులకు పనికిరాదు.

గీత పడితే చిన్న మచ్చలా సరిచేయబోవద్దు, చుట్టూ వలయం కనిపిస్తుంది. ఆ రేకును అతుకు దాకా 320 ఎమరీతో రుద్ది, దాచిన అర లీటరును బాగా కలిపి మొత్తం రేకుకు కొట్టండి.