ఉద్దానం కిడ్నీ సర్వే డేటా: వివరాలు రాసిపెట్టడానికి వర్డ్ ఫైలా, ఎక్సెల్ పట్టికా, డీడీఐనా?

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇంటింటి కిడ్నీ సర్వే పూర్తయ్యాక బృందం చేతిలో మిగిలేది ఒక పెద్ద పట్టిక. అందులో క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టే వ్యర్థం) కాలమ్‌లో 1.4 అని ఉంటుంది. ఆ అంకె ఇంకొకరికి పనికి రావాలంటే యూనిట్ ఏదో (డెసీలీటరుకు మిల్లీగ్రాములా, లీటరుకు మైక్రోమోలా; రెండింటికీ 88.4 రెట్ల తేడా), ల్యాబులో పరీక్ష ఏ పద్ధతిలో చేశారో (జాఫేనా, ఎంజైమా), మూడు నెలలు గడిచాక మళ్లీ చేశారో లేదో తెలియాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో క్రియాటినిన్, వయసు, లింగం బట్టి వేసే అంచనా) ఏ సూత్రంతో కట్టారన్నది మరీ ముఖ్యం. 50 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ డెసీలీటరుకు 1.4 మిల్లీగ్రాములు ఉంటే, సీకేడీ-ఈపీఐ అనే సూత్రం 2009 నాటిది 58 ఇస్తుంది, 2021 నాటిది 61 ఇస్తుంది. జబ్బు కింద లెక్కపెట్టే హద్దు 60 కన్నా తక్కువ. సూత్రం పేరు రాయకపోతే, ఊళ్లో ఎంతమందికి జబ్బుందన్న లెక్కే మారిపోతుంది. మరి ఈ వివరాలన్నీ ఎక్కడ రాసిపెట్టాలి? దారులు మూడు.

వర్డ్ ఫైలు తేలిక, అందరికీ వచ్చు. ఊళ్లను ఎలా ఎంచారు, తాళం వేసిన ఇళ్లకు ఎన్నిసార్లు వెళ్లారు, రక్తం ఇవ్వనన్నవాళ్లను ఎలా లెక్కపెట్టారు లాంటివి వాక్యాల్లో చెప్పడానికి అదే మేలు. కాలమ్‌ల జాబితాకు మాత్రం పనికిరాదు. డేటాలో ఒక పేరు మార్చితే వర్డ్‌లో మార్చడం మరిచిపోతారు. ఆరు నెలలకు రెండూ పొంతన లేకుండా పోతాయి.

ఎక్సెల్‌లో ఒక్కో కాలమ్‌కు ఒక్కో వరుస: పేరు, తెలుగులో అడిగిన ప్రశ్న మాట మార్చకుండా, జవాబుల కోడ్లు, యూనిట్, ఎవరిని అడిగారు, ఖాళీకి కోడ్. ఓడీకే, కోబో లాంటి ఫోన్ సర్వే యాప్‌లతో సర్వే చేస్తే సగం పని అయిపోయినట్టే. ఆ ఫారమ్ ఎక్సెల్‌లోనే ఉంటుంది, ఏ ప్రశ్న ఎవరికి వర్తిస్తుందో కూడా అందులోనే ఉంటుంది. చెడేది ఎక్కడంటే, పట్టికను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) దాచేటప్పుడు యూటీఎఫ్-8 అనే యూనికోడ్ ఎన్‌కోడింగ్ ఎంచుకోకపోతే తెలుగు ప్రశ్నార్థకాలుగా మారుతుంది. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టినది యూనికోడ్‌లోకి మార్చకపోతే ఆ ఫాంటు లేనివాళ్లు చదవలేరు. ఊరి కోడ్ ముందున్న సున్నా ఎగిరిపోతుంది. వయసు కాలమ్‌లో ఖాళీకి 99 పెడితే, నిజంగా 99 ఏళ్ల అవ్వ కూడా లెక్కలోంచి పోతుంది, -9 లాంటి, వయసు కాలేని అంకె పెట్టండి. 'తెలియదు', 'చెప్పలేదు', 'వర్తించదు' మూడింటికీ వేరు వేరు కోడ్లు ఉండాలి.

డీడీఐ అంటే సర్వేలను వర్ణించడానికి అంతర్జాతీయంగా కుదుర్చుకున్న ఎక్స్ఎంఎల్ పద్ధతి. డేటా భాండాగారాలు (సర్వే డేటాను దాచి ఇతరులకు అందించే ఆర్కైవ్‌లు) దాన్ని నేరుగా చదువుకుంటాయి, ఒక్కో ప్రశ్ననూ వెతకవచ్చు. కానీ నేర్చుకున్న మనిషి ఒకరు కావాలి. ఇద్దరు ముగ్గురున్న బృందం దాంతోనే మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది.

కాబట్టి పట్టిక ఎక్సెల్‌లో, సర్వే ఎలా జరిగిందన్న కథ మూడు పేజీల వర్డ్‌లో. భాండాగారానికి ఇచ్చేటప్పుడు ఆ పట్టిక నుంచే డీడీఐ తయారుచేయడం మేలు. పట్టిక రాయడం సర్వేకు ముందే మొదలవాలి. తర్వాతైతే ఎందుకలా అడిగామో ఎవరికీ గుర్తుండదు.

ఏది ఎంచుకున్నా ఇక్కడ తప్పక రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. వయసు నిండిన ఏళ్లా, నడుస్తున్న ఏళ్లా? తాగునీరు బోరుదా, నూతిదా, కుళాయిదా. ఇప్పుడు తాగేదా, పదేళ్ల కిందట తాగినదా? ఉద్దానం మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది గనక, సర్వే తేదీ లేని జవాబుకు అర్థం తెలియదు. జిల్లా పేరు ఒక్కటే చాలదు: 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. మండలం కోడ్, అది ఏ ఏటి జాబితాలోదో రెండూ రాయాలి.

చివరగా గోప్యత. కవిటి మండలంలో చిన్న ఊరి పేరు పక్కన 'మగ, 47, డయాలసిస్' అని ఉంటే ఆ మనిషెవరో ఊరంతా చెప్పేస్తుంది. బయటికిచ్చే ఫైల్లో ఊరు తీసేసి మండలం దగ్గరే ఆపాలి, వయసును ఐదేళ్ల మెట్లుగా మార్చాలి, ఇంటి జీపీఎస్ పూర్తిగా తీసేయాలి. ఏది తీశారో, ఏది ఎలా మార్చారో పట్టికలో ఆ వరుసకు ఎదురుగానే రాయాలి.