పారిస్‌లో రోబెస్పియర్ కోసం వెతుకులాట

ఫ్రెంచి విప్లవం జ్ఞాపకాలు చూద్దామని పారిస్ వెళ్ళేవాళ్ళకి ముందే ఒక మాట: విప్లవ నాయకుడు రోబెస్పియర్ పేరుతో ఆ నగరంలో వీధి లేదు. తోటి విప్లవ నాయకుడు దాంతోన్‌కైతే ఓడియాన్ మెట్రో బయట పెద్ద కంచు విగ్రహమే ఉంది. ఆయన ఇల్లున్న చోటే 1891లో పెట్టారు.

రోబెస్పియర్ పేరు కనబడాలంటే తొమ్మిదో లైన్ మెట్రోలో శివారు మోంత్రుయ్ దాకా పోవాలి. అక్కడో స్టేషన్‌కి ఆయన పేరుంది. మా బస కూడా ఆ పక్కనే. గది అగ్గిపెట్టె, లిఫ్టు పనిచేయదు, అడిగితే విసుగు. అయినా అద్దె తక్కువ, రాకపోకలు తేలిక. స్ట్రాస్‌బూర్ సాం దెనీలో నాలుగో లైన్‌కి మారితే సితే, ఓడియాన్ రెండూ అదే దారిలో.

సితేలో దిగితే కాన్సియెర్జరీ, విప్లవకాలం నాటి జైలు. దాంతోన్, రోబెస్పియర్ ఇద్దరూ తల నరికే గిలటిన్ యంత్రం దగ్గరికి వెళ్ళింది ఇక్కడి నుంచే. కింది రాతి కమానుల హాలు చూసి తీరాలి. పైన మాత్రం మరీ ఆంతువానెత్ రాణిగారి హడావుడే ఎక్కువ. టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యాయని నేననుకోను.

సాంత్ ఒనొరే వీధి 398లో, వడ్రంగి పనులు చేయించే దుప్లే ఇంట్లో, రోబెస్పియర్ 1791 నుంచి అద్దెకున్నాడు. ఇప్పుడక్కడ నిలబడి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, పది నిమిషాలు చాలు. 1794 ఏప్రిల్ 5న గిలటిన్‌కి తీసుకెళ్ళే బండి ఇటుగా వెళ్తుంటే దాంతోన్ రోబెస్పియర్‌ని ఉద్దేశించి 'నా వెనకే నువ్వూ వస్తావు' అని అరిచాడంటారు. నాలుగు నెలలు తిరక్కుండానే, జులై 28న, ఈయన బండీ అటే కదిలింది.

నా ఓటు పారిస్ చరిత్ర చూపించే కార్నావాలే మ్యూజియంకి. శాశ్వత ప్రదర్శన ఉచితం, సోమవారం సెలవు. బాస్తీయ్ కోట రాతితోనే చెక్కిన ఆ కోట నమూనా పిల్లలకి నచ్చుతుంది. నన్ను ఆపేసింది మాత్రం రోబెస్పియర్ బొమ్మ: చారల కోటు, మెడలో తెల్లగుడ్డ, పౌడరద్దిన జుట్టు, పెదాల మీద నవ్వో కాదో తెలీని నవ్వు. మరణశిక్ష రద్దు చేయాలని 1791లో సభలో వాదించిన లాయరు ఈయనే. నిందితులకి లాయరే లేకుండా చేసిన 1794 జూన్ చట్టానికి కొమ్ముకాసిందీ ఈయనే. అరెస్టయిన రాత్రి 'రో' (Ro) అని రెండక్షరాల దగ్గరే సంతకం ఆగిపోయిన విన్నపం కాగితం కూడా ఈ మ్యూజియం సొత్తే.

పుట్టిన ఊరు అరాస్ మాకు కుదరలేదు. గార్ దు నోర్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో గంటలోపే. అక్కడ ఆయన పేరుతో వీధి ఉంది, అందులో ఆయన కాపురమున్న ఇల్లూ ఉంది. ఈసారి వెళ్తే కాన్సియెర్జరీ టికెట్ డబ్బులు ఆ రైలుకే పెడతాను.