పుల్లైసా, కుల్ఫీనా, సేమియా పాలైసా?

మధ్యాహ్నం మూడింటికి వీధిలో ఐసు బండి మూత చప్పుడైతే చాలు, మా పిల్లలిద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెడతారు. ఎండాకాలమంతా వద్దు వద్దంటూ ఉండలేను. మరి ఏది ఇప్పించాలి?

రంగు పుల్లైసులో ఉండేవి నీళ్లు, పంచదార, ఎసెన్స్, రంగు. గట్టిగా పీలిస్తే తీపీ రంగూ నోట్లోకి వచ్చేసి పుల్లకు తెల్లటి గడ్డ మిగులుతుంది కదా. నీరు గడ్డకట్టేటప్పుడు పంచదారను తనలో కలుపుకోదు, పక్కకు నెట్టేస్తుంది. ఆ చిక్కటి పాకం మంచు పలుకుల సందుల్లో నిలిచిపోతుంది. ఎండకు ముందు కారేదీ అదే. చొక్కాల మీద మరకలన్నీ దానివే.

మన దేశంలో తిండికి అనుమతించిన కృత్రిమ రంగులు 8 మాత్రమే. బండి మీది ఐసులో ఏది కలిపారో చెప్పే లేబుల్ ఉండదు. 2024లో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది, అందులో రోడమిన్-బి అనే బట్టల రంగు బయటపడినందుకే. అయినా రంగు కన్నా నాకు నీళ్లంటేనే ఎక్కువ భయం. గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. చావవు. టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు ఆ చలిని తట్టుకుంటాయి.

కుల్ఫీకి పాలను బాగా మరగకాచి చిక్కబరుస్తారు. ఐస్‌క్రీమ్‌లా చిలకరు కాబట్టి గాలి చేరదు, అందుకే గట్టిగా ఉండి నిదానంగా కరుగుతుంది. రుచిలో దానికి సాటి లేదు. కానీ కొవ్వు, చక్కెర రెండూ ఎక్కువే. షుగరున్న మా నాన్నగారికి మాత్రం ఇవ్వను.

నా ఓటు ఇంట్లో చేసిన సేమియా పాలైసుకే. అర లీటరు పాలలో గుప్పెడు వేయించిన సేమియా, నాలుగు చెంచాల పంచదార, కాస్త యాలకుల పొడి వేసి ఉడికించండి. చల్లారాక స్టీలు గ్లాసుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చండి, లేకపోతే పక్కకు ఒరిగిపోతుంది. సేమియాలోని పిండి నీటిని పట్టి ఉంచుతుంది కనుక పుల్లైసులా చేతుల మీదుగా కారదు. చల్లదనానికి నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. అందుకని ఇంకో రెండు చెంచాలు వేయాలనిపిస్తుంది, వేయకండి. మా పిల్లలు వారం రోజుల్లో ఆ తీపికే అలవాటుపడ్డారు.

బయట కొనక తప్పకపోతే, సీలు వేసి తేదీ ఉన్న ప్యాకెట్ ఐసే ఇప్పిస్తాను.