నీట్ సీటు గ్యారంటీ అన్నవాళ్ల చేతికి ఓటీపీలు, ఒరిజినల్స్ ఇవ్వకండి: మా ఇంట్లో జరిగింది చెబుతున్నా

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వైపు ఉన్న మన తెలుగువాళ్లకి, ముఖ్యంగా ఈ ఏడాది పిల్లల్ని నీట్ లాంగ్‌టర్మ్‌కి, అంటే ఏడాదిపాటు మళ్లీ చదివించే కోచింగ్‌కి, పంపాలని చూస్తున్న అన్నయ్యలకి, అక్కలకి ఈ మాట చెప్పాలి. మొన్న ఆదివారం బజారుకి వెళ్తుంటే మళ్లీ ఆ ఫ్లెక్సీ కనబడింది. పేరు మార్చారు, ఫోన్ నంబరు మార్చారు, 'సీటు గ్యారంటీ' అన్నది మాత్రం అలాగే ఉంది, టై కట్టుకుని నిలబడ్డ మనిషి మా దగ్గర డబ్బు తీసుకున్నాయనే. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం దాచకుండా రాస్తాను, చివరిదాకా చదవండి.

నాకు స్టేషన్ రోడ్డులో చిన్న బట్టల షాపు. మా నాన్నగారు పార్వతీపురం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా పాప ఇక్కడే పుట్టింది, ఇక్కడే ఇంగ్లీషు మీడియంలో చదివి 2024లో ప్లస్ టూ పాసైంది. ఆ ఏడాదే నీట్ రాసింది, మార్కులు చాల్లేదు. ఇంకో ఏడాది చదివితే వస్తుంది నాన్నా అంది. ఎక్కడికి పంపాలో తెలీక టెన్షన్ పడుతున్న ఆ రోజుల్లోనే ఇక్కడ ఒక హోటల్ హాల్లో ఉచిత అవగాహన సదస్సు అని పెట్టారు, వెళ్లాం.

మైకు తీసుకున్నాయన మొదటి మాటే మజ్జిగౌరమ్మ తల్లి దర్శనం చేసుకుని వస్తున్నానని. హాలంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. తర్వాత చెప్పిన మాట ఇంకా లోపలికి దిగింది. 'ఇక్కడ మిమ్మల్ని తెలుగోళ్లంటారు, అక్కడికొస్తే ఒడిశా వాళ్లంటారు, మీ పిల్లల్ని పట్టించుకునేదెవరు? ఒక్క ఏడాది విశాఖలో మా దగ్గర ఉంచండి, ఆంధ్రా లోకల్ కింద సీటు సంగతి మేం చూసుకుంటాం' అన్నాడు. మన సరిహద్దు జిల్లాల్లో ఉన్న ఏ తండ్రికైనా ఆ మాట తగలకుండా ఉండదు. మన భాష మాట్లాడుతున్నాడు, మన బాధ తెలిసినవాడు అనుకున్నాను. మరుసటి వారమే డబ్బు కట్టాను. కోచింగ్, హాస్టల్ కలిపి 2,25,000, 'కౌన్సెలింగ్ ప్యాకేజీ' అని ఇంకో 60,000. ఆ అరవైలో 20,000 ముందు, మిగతా 40,000 సీటు వచ్చాక అన్నారు.

ఆంధ్రా లోకల్ అన్నది పచ్చి అబద్ధం. ఇది నాకు ఏడాది తర్వాత తెలిసింది, మీకు ఇవాళే తెలియాలి. ఆంధ్రాలో లోకల్ అవడం, అంటే అక్కడి స్థానిక కోటా సీట్లకి అర్హత రావడం, అనేది రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ఇచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జరుగుతుంది. మామూలుగా అయితే ఇంటర్ పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇక్కడ ప్లస్ టూ పాసైపోయి, అక్కడ ఒక ఏడాది కోచింగ్ హాస్టల్‌లో ఉన్నంత మాత్రాన ఎవరూ లోకల్ అయిపోరు. లాంగ్‌టర్మ్ అసలు చదువు కిందే లెక్కకి రాదు. నాలుగేళ్ల సంగతి ఆ హాల్లో మాకెవ్వరికీ తెలీదు, తెలీదని ఆయనకి తెలుసు.

మన పిల్లల హక్కు ఇక్కడే ఉంది. బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ ఎస్‌ఎల్‌ఎన్, కటక్ ఎస్‌సీబీ, బుర్లా విమ్సార్ లాంటి ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 85 శాతం సీట్లు రాష్ట్ర కోటావి. వాటి కౌన్సెలింగ్ ఓజేఈఈ (ఒడిశా ఉమ్మడి ప్రవేశ పరీక్షల సంస్థ) వాళ్లు చేస్తారు. ఇక్కడ నివాసం ఉన్న మన పిల్లలు రెసిడెన్స్ సర్టిఫికెట్ పెట్టుకుని పోటీ పడేది ఆ సీట్లకే. మిగతా 15 శాతం ఆలిండియా కోటా, దాన్ని ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) చూస్తుంది, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లన్నీ కూడా ఎంసీసీ ద్వారానే. ఇంట్లో మాట్లాడేది ఏ భాష అయినా మన పిల్లలు ఒడిశా పిల్లలే, ఆ 85 శాతంలో మన వాటా వదులుకోకూడదు. ఆయన మాటల్లో పడి నేను దాన్ని చిన్నచూపు చూశాను.

కోచింగ్ సంగతి ఎక్కువ రాయను. నలభై మంది బ్యాచ్ అన్నారు, నూటముప్పై మంది కూర్చున్నారు. దసరా సెలవుల తర్వాత బయాలజీ సార్ కనబడలేదు, టీవీ పెట్టి వీడియోలు వేశారు. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, 720 మార్కుల్లో 360. సగం పరీక్షకి మాస్టారు లేరన్నమాట. పాప ఫోన్‌లో ఏడ్చింది. తీసుకొచ్చేస్తానంటే, కట్టిన డబ్బు పోతుంది వద్దు నాన్నా అని తనే ఆగిపోయింది. నిజానికి 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు లెక్కకట్టి పది రోజుల్లో వెనక్కివ్వాలని, హాస్టల్, మెస్ డబ్బు కూడా అలాగే ఇవ్వాలని ఉంది. ర్యాంకు, మార్కులు గ్యారంటీ అని చెప్పకూడదని కూడా ఉంది. అప్పుడు నాకు ఇదేమీ తెలియదు.

అసలు దెబ్బ ఇది కాదు. 2025 ఫిబ్రవరిలో అప్లికేషన్లన్నీ ఆఫీసులోనే ఒకేసారి నింపుతామని పిల్లల్ని వరసలో నిలబెట్టారు. మొబైల్ నంబరు, ఈమెయిల్ ఉండే చోట వాళ్ల ఆఫీసువే పెట్టారు. 'పిల్లలు ఓటీపీలు మర్చిపోతారండీ, మీరు షాపులో బిజీగా ఉంటారు, మేమైతే జాగ్రత్తగా చూస్తాం' అని నాతో ఫోన్‌లో చెప్పారు. నేను సరే అన్నాను. వెరిఫికేషన్‌కి కావాలని టెన్త్ సర్టిఫికెట్, ప్లస్ టూ మార్క్‌షీట్, సీఎల్‌సీ (కాలేజీ వదిలినప్పుడు ఇచ్చే సర్టిఫికెట్) ఒరిజినల్స్ కూడా తీసుకుని బీరువాలో పెట్టారు. దానికి ఒక కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

ఆ మే 4న జరిగిన పరీక్షలో ఫిజిక్స్ చాలా కష్టంగా వచ్చిందని మీకూ గుర్తుండే ఉంటుంది. పాపకి ప్రభుత్వ కాలేజీకి సరిపోయే మార్కులు రాలేదు, ఆ బాధ వేరు. ఓజేఈఈ రిజిస్ట్రేషన్ ఎప్పుడండీ అని రెండుసార్లు ఫోన్ చేశాను. అంతా మేం చూస్తున్నాం అన్నారు. ఆఖరి తేదీ దాటిపోయాక పక్క వీధి మాస్టారు చెబితే తెలిసింది, వీళ్లు అసలు చేయనే లేదు.

నేను గట్టిగా అడిగేసరికి మాట మార్చారు. 'రాష్ట్ర కోటాలో ఎలాగూ రాదు, డీమ్డ్‌లో మా మనుషులున్నారు, తక్కువ ఫీజుకి నామినేషన్ కోటాలో వేయిస్తాం, ఎంసీసీకి డిపాజిట్ మాత్రం కట్టండి, అది రిఫండబుల్, ఎక్కడికీ పోదు' అన్నారు. డీమ్డ్‌కి రిజిస్ట్రేషన్ 5,000, డిపాజిట్ 2,00,000. ఇవి నిజమైన ఫీజులే, ఎంసీసీకే వెళ్తాయి, అందుకే నాకు అనుమానం రాలేదు. రిఫండబుల్ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆవిడ గాజులు కుదువ పెట్టి కట్టాను. వాళ్లు చెప్పనిది ఏంటంటే, మొదటి రౌండులో సీటు వచ్చి వద్దనుకుంటే డిపాజిట్ పోదు గానీ, రెండో రౌండులో సీటు వచ్చాక చేరకపోతే డిపాజిట్ వెనక్కి రాదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం పాప ఎంసీసీ సైట్‌లో ఆప్షన్లు చూద్దామని కూర్చుంది. పాస్‌వర్డ్ తన దగ్గర లేదు. మర్చిపోయాను అని నొక్కితే కోడ్ వెళ్లేది ఆఫీసు ఫోన్‌కి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ నొక్కింది, మళ్లీ చేసింది. షాపు షట్టర్ సగం దించి నేను పక్కనే నిలబడ్డాను. తన పేరు, తన రోల్ నంబరు, తను రాసిన పరీక్ష, లోపలికి వెళ్లే తాళం మాత్రం ఇంకొకడి జేబులో. రాత్రి పదకొండు దాటాక ఒక మెసేజ్ వచ్చింది, 'ఆప్షన్స్ లాక్ అయ్యాయి, టెన్షన్ పడకండి' అని.

రెండో రౌండులో సీటు వచ్చింది. ఏడాదికి ఇరవై లక్షలు దాటిన ఫీజు. నా షాపు అమ్మినా రెండో ఏడాదికి ఉండదు. ఫోన్ చేస్తే, ఐదు లక్షలు నగదు తెండి, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి ఫీజు తగ్గిస్తాం అన్నారు. అప్పుడు మా బావమరిది కూర్చుని ఎంసీసీ సైట్ మొత్తం చదివాడు. నామినేషన్ మీద, అంటే ఎవరో పేరు సిఫార్సు చేస్తే, ఏ సీటూ ఇవ్వమని, ఏజెంట్లని నమ్మొద్దని అక్కడ నోటీసే ఉంది. ఐదు లక్షలు ఇవ్వలేదు, కాలేజీలో చేరలేదు, రెండు లక్షల డిపాజిట్ పోయింది. ఫీజు కట్టలేని కాలేజీల్ని ఆప్షన్లలో ఎందుకు పెట్టారో మీరే ఆలోచించండి. ఆ ఐదు లక్షల కోసమే పెట్టారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఒరిజినల్స్ ఇమ్మంటే, సీటు వచ్చింది కదా, ప్యాకేజీ బాకీ 40,000 కట్టి పట్టుకెళ్లండి అన్నారు. పిల్లల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునే హక్కు ఏ కోచింగ్ వాడికీ లేదు. నేను, బావమరిది, మా వీధి పెద్దాయన ఒకరు రైలెక్కి వెళ్లి, వాళ్ల ఆఫీసు మెట్ల మీద పొద్దున్న నుంచి నాలుగింటిదాకా కూర్చున్నాం. కొత్తగా చేరడానికి వచ్చిన తల్లిదండ్రులు ఎందుకు కూర్చున్నారండీ అని అడుగుతుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఇద్దరు వెనక్కి వెళ్లిపోయారు. అప్పుడు కవరు తెచ్చి చేతిలో పెట్టారు. మార్క్‌షీట్ మూల మడత పడి చిరిగింది.

వాళ్ల రసీదు గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు అక్కడే పట్టుకోవచ్చు. అరచేయంత గులాబీ రంగు కాగితం. వరస నంబరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, లెక్కగా నడిపేవాడైతే బిల్లు మీద ఆ నంబరు ఉండి తీరాలి. దేనికి అన్న చోట చేత్తో 'మెటీరియల్' అని రాశారు, కోచింగ్ అన్న మాటే లేదు. వెనక ఊదారంగు స్టాంపు, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే 'ఎట్టి పరిస్థితుల్లో డబ్బు వాపసు ఇవ్వబడదు' అని. నేను కట్టిన 2,45,000లో రసీదులున్నది 1,50,000కే. మిగతాది ఎవరిదో సొంత నంబరుకి ఫోన్‌లో పంపించాను. పదిహేనేళ్లుగా బిల్లు పుస్తకం పట్టుకుని వ్యాపారం చేస్తున్నవాడిని, కూతురి చదువు అనేసరికి అడగలేకపోయాను.

మీరు ఎక్కడ చేర్పించినా సరే, అప్లికేషన్ ఇంట్లో కూర్చుని మీ పాపతోనో బాబుతోనో నింపించండి, నంబరు మీది, ఈమెయిల్ మీది, పాస్‌వర్డ్ ఇంట్లో నోట్‌బుక్‌లో. తప్పులు దిద్దుకునే గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఆ కబురు మీ ఫోన్‌కే రావాలి. ఇంకోటి, తెలుగు ప్రశ్నపత్రం పెట్టుకుంటే లోకల్ అవుతారని కూడా ఒకాయన ఆ హాల్లో అన్నాడు. దానికీ లోకల్‌కీ సంబంధం లేదు. తెలుగు పేపర్ ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఒడియా పేపర్ ఒడిశాలోనే, ఇంగ్లీషు అన్నిచోట్లా ఉంటుంది. మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, చూసి పెట్టండి. ఫ్లెక్సీ మీద ర్యాంకు పిల్లల ఫొటోలుంటే ఆ పిల్లలు ఏ కోర్సు చదివారని అడగండి. ఆ వివరం దాచకూడదని, విద్యార్థి రాసిచ్చిన అనుమతి లేకుండా ఫొటో వాడకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిబంధనలు పెట్టింది. నేను వాళ్లని ఇదే అడిగితే మాత్రం జవాబు రాలేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఉంటే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, నాతో తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సంస్థ విశాఖలో ఉన్నా కేసు మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చని 2019 చట్టంలో ఉంది, చెల్లించింది ఐదు లక్షల లోపైతే కమిషన్ ఫీజు కూడా లేదు. నేను ఇక్కడే వేశాను. డిపాజిట్ రెండు లక్షలు నష్టపరిహారం కింద అడిగాం. వస్తుందో రాదో గానీ, వాళ్లు నోటీసు అందుకుని వకీలుని పెట్టుకున్నారు.

పాప ఇప్పుడు ఇంట్లోనే చదువుతోంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, ఫిజిక్స్‌కి మాత్రం ఇక్కడి ఒడియా మాస్టారి దగ్గరికి సాయంత్రం వెళ్తోంది. ఈసారి అప్లికేషన్ తనే నింపింది, నా నంబరు పెట్టింది, ఓటీపీ నేనే చదివి చెప్పాను.

వచ్చే ఆదివారం ఆ కొత్త పేరు వాళ్ల సదస్సు ఉందట. వెళ్లేవాళ్లు వెళ్లే ముందు ఒక్కసారి మా షాపుకి రండి, రసీదులు, ఆ రాత్రి వచ్చిన మెసేజ్, కమిషన్ కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను, చూపిస్తాను. రాత్రి తొమ్మిదిదాకా షాపులోనే ఉంటాను.