ఆకలి తగ్గించే ఇంజెక్షన్: ఏడాది వాడాక నా కంచం సంగతి

ముందు మందు సంగతి సూటిగా చెప్పేస్తాను. టిర్జెపటైడ్ బాగా పనిచేస్తుంది. వారానికోసారి పొట్ట దగ్గర పొడుచుకునే ఈ ఇంజెక్షన్‌ను ఏడాదికి పైగా వాడుతున్నాను. 91 కిలోల దగ్గర మొదలుపెట్టాను, ఇప్పుడు 76. షుగర్ అదుపులోకి వచ్చింది, బీపీ మాత్ర డోసు సగం చేశారు, మోకాళ్ళ నొప్పి చాలావరకు పోయింది. మానేసే ఉద్దేశం లేదు.

అయినా నేను రాయాలనుకున్నది తిండి గురించి. 2025 మార్చిలో ఈ మందు మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఎంత తగ్గావు, నెలకు ఎంతవుతుంది, సూది నొప్పిగా ఉంటుందా? ఏం తింటున్నావని అడిగేవాళ్ళు అరుదు. నేను మొదట వెళ్ళిన క్లినిక్‌లో కూడా డోసుల చార్టు ఇచ్చారు, వాంతులకు మాత్ర రాశారు, తిండి గురించి 'లైట్‌గా తీసుకోండి' అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ మాట ప్రమాదకరమైనదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఎందుకంటే ఈ మందు చేసే పనే లైట్‌గా తినిపించడం. పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1, జీఐపీ అనే హార్మోన్లు చేసే పనిని ఇది ఇంకా గట్టిగా చేస్తుంది. మెదడులో ఆకలి అణిగిపోతుంది, పొట్టలోంచి తిండి మెల్లగా కిందికి దిగుతుంది. తినేది సగానికి సగం పడిపోతుంది. ఆ పోయిన సగంలో ఏముందన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

మన భోజనం వరస ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు కాస్త పప్పన్నం, తర్వాత కూర, ఆ తర్వాత పులుసో చారో, చివరికి పెరుగన్నం. ప్రతి దాంట్లోనూ అన్నమే ఎక్కువ. ఇంజెక్షన్ మొదలైన కొత్తలో నాకు పప్పన్నం నాలుగు ముద్దలు తినేసరికి గొంతు దాకా నిండినట్టు ఉండేది. కూర అలాగే ఉండిపోయేది. పెరుగు గిన్నె మూత కూడా తీయకుండా చెయ్యి కడుక్కునేదాన్ని. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఆ నాలుగు ముద్దలు, సాయంత్రం టీ, రాత్రి ఒక పుల్కా. కష్టం అనిపించదు, ఆకలి వేయదు, పైగా బరువు దిగుతుంటే సంతోషంగా ఉంటుంది. లెక్క కడితే ఆ తిండిలో రోజుకు పాతిక గ్రాముల ప్రోటీన్ కూడా లేదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వేగంగా బరువు తగ్గుతున్నవాళ్ళకు అంతకంటే ఎక్కువ, 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా కావాలని డాక్టర్లు చెబుతారు. తినేది తగ్గుతుంటే అవసరం పెరుగుతోందన్నమాట. ఈ మందు మీద జరిగిన పెద్ద పరీక్షలో తగ్గిన బరువులో దాదాపు ముప్పావు వంతు కొవ్వు, మిగతా పావు వంతు కండలాంటి కొవ్వు కాని భాగం. అసలే మనవాళ్ళకు ఇదే బరువున్న యూరోపియన్లతో పోలిస్తే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. పైగా మందు ఆపాక బరువు తిరిగి వస్తే వచ్చేది ఎక్కువగా కొవ్వే. పోయిన కండ అంతా దానంతట అది తిరిగి రాదు.

ఇది నా ఒంట్లో కనిపించింది శ్రావణ శుక్రవారం నాడు. వ్రతం అయ్యాక పీట మీద నుంచి లేవబోతే తొడల్లో పట్టు లేదు. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి కుర్చీ మీద వేసి లేచాను. అంతకు ముందు ఏడాది ఇంకా బరువుగా ఉన్నప్పుడు అదే పీట మీద నుంచి మామూలుగానే లేచాను. బరువు తూచే మిషన్ ఈ తేడా చెప్పదు.

ఆ తర్వాత వెళ్ళిన డైటీషియన్ రోజుకు 80 గ్రాముల ప్రోటీన్ అని లెక్క పెట్టారు. ఆవిడ చేసిన ముఖ్యమైన మార్పు భోజనం వరసను తిరగేయడం. ముందు గట్టి పప్పు ఒక కప్పు, అన్నం లేకుండా. తర్వాత చికెనో చేపో గుడ్డో. తర్వాత కూర, పెరుగు. పొట్టలో చోటుంటే అన్నం. మా అత్తయ్య కంగారు పడ్డారు.

"ఏమ్మా, ఉత్త పప్పు ఎలా తింటావు? నాలుగు మెతుకులు కలుపుకో."

"తర్వాత కలుపుకుంటాను అత్తయ్యా, ముందు ఇది కడుపులో పడనివ్వండి."

ఇప్పుడు ఆవిడే నాకు పప్పులో నీళ్ళు తక్కువ పోసి విడిగా తీసి పెడుతున్నారు.

80 గ్రాములు అనగానే భయం వేస్తుంది కానీ కుదురుతుంది. పొద్దున రెండు గుడ్లు, ఇంకో రెండింటి తెల్లసొన కలిపితే 19 దాకా వస్తుంది. మధ్యాహ్నం వండిన చికెన్ 100 గ్రాములు తింటే పాతికకు పైనే, గట్టి పప్పు కప్పుకు ఆరో ఏడో. సాయంత్రం వేయించిన శనగలు గుప్పెడు, ఒక గ్లాసు పాలు. రాత్రి పనీర్, లేదా మీల్ మేకర్. మీల్ మేకర్‌ను మనం చిన్నచూపు చూస్తాం గానీ, ఎండుది 100 గ్రాములు తీసుకుంటే అందులో సగం ప్రోటీనే. నీచు ముట్టనివాళ్ళకు ఇంతకంటే చవకైన దారి లేదు. పెసరట్టు కూడా ఇడ్లీ కంటే ఎంతో మేలు. వేలకు వేలు మందుకు పెట్టి గుడ్ల దగ్గర పొదుపు చేయకండి.

ప్రోటీన్ పౌడర్ గురించి చాలామంది అడుగుతున్నారు. కండలు పెంచడానికి పౌడర్లు వద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ మాట కడుపునిండా తినగలిగేవాళ్ళ విషయంలో సరైనదే. ముద్ద దిగని రోజుల్లో మాత్రం డాక్టర్‌ను అడిగి ఒక స్కూపు మజ్జిగలో కలుపుకుని తాగడం నాకు పనికొచ్చింది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు అడగకుండా ఈ జోలికి వెళ్ళొద్దు.

తిండితో పాటు వారానికి రెండు మూడు సార్లు రెసిస్టెన్స్ బ్యాండ్లతో, అంటే లాగితే సాగే రబ్బరు పట్టీలతో, వ్యాయామం కూడా మొదలుపెట్టాను. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం మాత్రం రోజూ చేస్తాను. నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే నడక ఒక్కటే సరిపోదు.

జుట్టు విషయం. మొదలుపెట్టిన కొన్ని నెలలకు దువ్వెన నిండా ఊడింది. బరువు వేగంగా తగ్గినా, తిండి పడిపోయినా రెండు మూడు నెలల తర్వాత ఇలా ఊడటం మామూలే, పోషణ సరిగ్గా ఉంటే మళ్ళీ వస్తుంది. పార్లర్‌లో బయోటిన్ మాత్రలు కొనమన్నారు. నేను కొనలేదు. పరీక్ష చేయిస్తే నా ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, అడుగంటి ఉంది. పైగా బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ లాంటి రక్త పరీక్షల్లో తప్పు ఫలితాలు రావచ్చు. బీ12 కూడా తక్కువే వచ్చింది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బీ12 తగ్గుతుంది, నేను అదీ వాడాను. మాంసం, గుడ్లు, పాలు కూడా తగ్గితే ఇక అది వచ్చే దారే ఉండదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వాంతులు. డోసు పెంచినప్పుడు కొందరికి రోజుల తరబడి ఏదీ నిలవదు. థయమిన్, అంటే బీ1 విటమిన్, మన ఒంట్లో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. అది అడుగంటితే తూలడం, చూపు రెండుగా కనిపించడం, తికమక పడటం మొదలై మెదడు దెబ్బతినవచ్చు. ఇదేదో ఎక్కడో జరిగే విషయం అనుకోవద్దు. తార్నాకలోని ఆ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక గదిలో మొదలైందే బెరిబెరి మీద పరిశోధన కోసం. ఆ జబ్బుకు కారణం థయమిన్ లోపమే, పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానంగా తినే కోస్తా జిల్లాల్లో అప్పట్లో ఎక్కువగా ఉండేది. సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మనం ఇప్పటికీ తెల్లన్నమే తింటున్నాం.

వాంతులు, నీరసం అనగానే వీధి చివరి క్లినిక్‌కు వెళ్ళి గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన ఊళ్ళో అలవాటు. థయమిన్ అడుగంటినవాళ్ళకు అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి విషమించవచ్చు. కాబట్టి ఈ ఇంజెక్షన్ వాడుతున్నామని, ఎన్నాళ్ళ నుంచి తిండి నిలవడం లేదో డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి. అందం కోసం సూది వేయించుకుంటున్నామని ఎవరైనా అనుకుంటారేమోనని దాచిపెట్టేవాళ్ళు నాకు తెలుసు. దయచేసి దాచకండి.

నీళ్ళ సంగతీ అంతే. ఆకలితో పాటు దాహం కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. మే నెల ఎండల్లో బీపీ మాత్ర వేసుకుంటూ నీళ్ళు తాగకపోతే కళ్ళు తిరగడమే కాదు, కిడ్నీల మీద భారం పడుతుంది. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ సీసా బ్యాగులోనే పెట్టుకుంటాను. మలబద్ధకానికి కూడా నీళ్ళు, ఆకుకూర, బొప్పాయితోనే చాలావరకు సర్దుకుంది. బిర్యానీ తినకూడదని కాదు, ఇంజెక్షన్ మర్నాడు మాత్రం నూనె ఎక్కువున్నది ఏది తిన్నా కుళ్ళిన గుడ్డు వాసన తేన్పులు రోజంతా వదలవు.

ఉపవాసాల గురించి కచ్చితంగా చెప్పాలి. నాకు శనివారం ఒక్కపొద్దు. శుక్రవారం రాత్రి ఇంజెక్షన్ వేసుకునేదాన్ని కాబట్టి శనివారం అసలు ఏమీ తినకపోయినా తెలిసేది కాదు. ఉపవాసం ఇంత తేలికగా సాగడం మంచి సూచన కాదని డాక్టర్ అన్నారు. రెండు ఇంజెక్షన్ల మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉంటే వేసుకునే రోజు మార్చుకోవచ్చు కాబట్టి ఆయన్ను అడిగి ఆదివారం రాత్రికి మార్చుకున్నాను. ఇప్పుడు శనివారం సాయంత్రం కాస్త ఆకలి తెలుస్తుంది, ఆ ఒక్క పూటా సరిగ్గా తింటాను. కార్తీక మాసంలో గుడ్డు, చికెన్ మానేసే నెల రోజులూ మీల్ మేకర్, పనీర్ రెట్టింపు.

డోసు విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. 2.5 మిల్లీగ్రాములతో మొదలై కనీసం నాలుగు వారాలకోసారి పెంచుకుంటూ 15 దాకా వెళ్ళవచ్చు. వెళ్ళి తీరాలని మాత్రం లేదు. 7.5కు పెంచినప్పుడు ఎంత ప్రయత్నించినా నాకు 80 గ్రాములు లోపలికి పోలేదు. డాక్టర్‌తో మాట్లాడి 5కు తగ్గించుకున్నాను. బరువు నెమ్మదిగా తగ్గుతోంది, అది నాకు సమ్మతమే. అరవై దాటి, ఇప్పటికే నడకలో తడబడుతున్న పెద్దవాళ్ళకైతే ఈ లెక్క చూడకుండా డోసు పెంచడాన్ని నేను ఒప్పుకోను.

మొదలుపెట్టేవాళ్ళు మొదటి సూదికి ముందే బీ12, విటమిన్ డి, ఫెర్రిటిన్, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలు చేయించి కాగితాలు దాచుకోండి, తర్వాత పోల్చుకోవడానికి. పక్కటెముకల కింద కుడివైపు నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు, వేగంగా బరువు తగ్గేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. ఐరన్ మాత్రలతో నా ఫెర్రిటిన్ సగం దాకా కోలుకుంది. పూర్తిగా మామూలుకు వచ్చేదాకా 5 మిల్లీగ్రాముల మీదే ఉంటాను.