ఫ్రీరేడియస్‌లో పాస్‌వర్డ్ ఏ రూపంలో ఉంచాలి?

ఫ్రీరేడియస్ అంటే వైఫై లాంటి నెట్‌వర్క్‌లకు యూజర్ల లాగిన్‌ను సరిచూసే సర్వర్. దాని పరీక్ష కమాండ్ రాడ్‌టెస్ట్‌తో చూస్తే 'యాక్సెస్-యాక్సెప్ట్' (లాగిన్ సరే) వస్తుంది. అదే యూజర్ ఫోన్ నుంచి వైఫైకి కలవబోతే రిజెక్ట్. కారణం సులువే: రాడ్‌టెస్ట్ మామూలుగా పాప్ (పాస్‌వర్డ్‌నే సర్వర్‌కి పంపే పద్ధతి) వాడుతుంది, ఫోన్ పీప్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం) ఎంఎస్-చాప్ వి2 (పాస్‌వర్డ్ పంపకుండా, దాని ఎన్‌టీ హ్యాష్‌తో లెక్కించిన జవాబు పంపే పద్ధతి) వాడుతుంది. పాప్‌కి ఏ రూపమైనా సరే, ఎంఎస్-చాప్‌కి కాదు. '-టి ఎంఎస్‌చాప్' జోడించి మళ్లీ పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది.

క్లియర్‌టెక్స్ట్, అంటే పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు ఉంచడం, అన్ని పద్ధతులకూ పనికొస్తుంది. చాప్‌కైతే (ఎంఎస్-చాప్ లాంటి పాత పద్ధతి) అదొక్కటే దిక్కు. డేటాబేస్ ఒకరి చేతిలో పడితే మాత్రం అంతా పోయినట్టే.

హ్యాష్ అంటే పాస్‌వర్డ్ నుంచి లెక్కించే, వెనక్కి తిప్పలేని ముద్ర. వాటిలో ఎన్‌టీ హ్యాష్ పీప్‌కి చాలు. పాస్‌వర్డ్‌ను యూటీఎఫ్-16లోకి మార్చి ఎండీ4 చేస్తే వచ్చే 32 హెక్స్ అంకెలివి. సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కి వేరుగా కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) లేదు కాబట్టి ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటైతే హ్యాషూ ఒకటే. పైగా ఎంఎస్-చాప్‌లో లాగిన్ అవడానికి ఆ హ్యాష్ ఉంటే చాలు, పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. క్లియర్‌టెక్స్ట్ కంటే ఇది పెద్ద రక్షణేమీ కాదు.

సాల్ట్ కలిపిన ఎస్ఎస్‌హెచ్ఏ, షా-512 క్రిప్ట్ దొంగతనానికి పై రెండిటికంటే మెరుగ్గా తట్టుకుంటాయి. కానీ వీటితో పాప్ మాత్రమే నడుస్తుంది, అంటే వైఫైకి ఈఏపీ-టీటీఎల్ఎస్ (పీప్ లాంటి మరో సొరంగం), లోపల పాప్. విండోస్ 8 నుంచి టీటీఎల్ఎస్ సిస్టమ్‌లోనే ఉంది, ఆండ్రాయిడ్‌లో ఫేజ్-2 (సొరంగం లోపలి పద్ధతి) దగ్గర పాప్ ఎంచుకోవాలి, ఐఫోన్‌కి ప్రొఫైల్ (సెట్టింగుల ఫైల్) పంపాలి. సర్వర్ సర్టిఫికెట్‌ను పరికరం సరిచూడకపోతే నకిలీ యాక్సెస్ పాయింట్‌కి పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు చేరిపోతుంది. పరికరాల సెట్టింగులు మీ చేతిలో ఉంటే నా ఓటు దీనికే. ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చుకునే హాస్టల్లో అయితే ఎన్‌టీ హ్యాష్, పీప్‌తో సర్దుకోక తప్పదు.

రూపం సరైనదే అయినా రిజెక్ట్ వస్తుంటే సర్వీసు ఆపి, డీబగ్ మోడ్‌లో '-ఎక్స్'తో (పెద్ద అక్షరం) నడపండి. 'నోన్ గుడ్ పాస్‌వర్డ్' (పోల్చడానికి సర్వర్ దగ్గర ఉండాల్సిన పాస్‌వర్డ్) దొరకలేదంటే యూజర్ వరుస కలవలేదు, లేదా యాట్రిబ్యూట్ పేరు తప్పు. యూజర్స్ ఫైల్లో 'క్లియర్‌టెక్స్ట్-పాస్‌వర్డ్' తర్వాత ':=' ఉండాలి, '==' కాదు. పాప్‌లో పాస్‌వర్డ్ పిచ్చి గుర్తులుగా కనిపిస్తే షేర్డ్ సీక్రెట్ (యాక్సెస్ పాయింట్‌కీ సర్వర్‌కీ ఉమ్మడి రహస్య పదం) రెండువైపులా ఒకటి కాదు. ఎవరో 'ఆథ్-టైప్'ను (ఏ పద్ధతిలో సరిచూడాలో చెప్పే సెట్టింగ్) బలవంతంగా పెట్టి ఉంటే తీసేయండి, సర్వరే ఎంచుకుంటుంది.

ఉన్న ఎస్ఎస్‌హెచ్ఏను ఎన్‌టీ హ్యాష్‌గా మార్చే దారి లేదు. పీప్ కావాలంటే, యూజర్ పాస్‌వర్డ్ మార్చుకునే పేజీలోనే రెండో హ్యాష్ కూడా తయారై డేటాబేస్‌లోకి చేరాలి.