కోర్టుల బడ్జెట్: మన పద్ధతి మేలా, అమెరికా పద్ధతి మేలా?

గ్రూప్-1కు చదివేవాళ్లు, లా విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. మన సుప్రీంకోర్టు ఖర్చు సంచిత నిధి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా, మీద చార్జ్‌డ్. అంటే దానిపై పార్లమెంటులో ఓటింగే ఉండదు. అమెరికా ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టులేమో ఏటా అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌ను అడిగి తెచ్చుకోవాలి. మరి మన కోర్టులకే ఎక్కువ స్వేచ్ఛ ఉన్నట్టు కదా? రాజ్యాంగం చదివితే అలాగే అనిపిస్తుంది. కోత ఎవరి బల్ల దగ్గర పడుతుందో చూస్తే మాత్రం జవాబు మారుతుంది.

146(3) అధికరణ సుప్రీంకోర్టు పరిపాలన ఖర్చును, 229(3) హైకోర్టు ఖర్చును చార్జ్‌డ్ చేశాయి. సభలో చర్చించవచ్చు, ఓటు ఉండదు. అయితే ఇక చట్టమే అక్కర్లేదనుకుంటే పొరపాటు. ఓటు ఒక్కటే తప్పుతుంది. ఖజానా నుంచి డబ్బు తీయడానికి ఏటా చేసే ద్రవ్య వినిమయ చట్టంలో ఆ మొత్తం కూడా చేరితేనే రూపాయి బయటికి వస్తుంది. ఇంతకీ ఆ అంకె సభ దాకా ఎలా వస్తుంది? కోర్టు పరిపాలన చూసే రిజిస్ట్రీ పంపిన అంచనా ఆర్థిక శాఖకు వెళ్తుంది, అక్కడ ఖరారైన అంకే బడ్జెట్‌లో కనిపిస్తుంది. కోర్టు ఎంత అడిగిందో, ఎంత మిగిలిందో పక్కపక్కన చూపే గడి బడ్జెట్ పుస్తకాల్లో ఉండదు. పైగా సిబ్బంది జీతభత్యాల నియమాలకు సుప్రీంకోర్టు విషయంలో రాష్ట్రపతి, హైకోర్టు విషయంలో గవర్నర్ ఆమోదం కావాలి. అంటే మళ్లీ ప్రభుత్వమే. చార్జ్‌డ్ అన్నది చట్టసభ వైపు తలుపుకు వేసిన తాళం. దొంగ వచ్చేది పెరటి గుమ్మంలోంచి.

జిల్లా కోర్టులకు ఆ తాళమూ లేదు. దేశంలోని పెండింగ్ కేసుల్లో సింహభాగం అక్కడే ఉంది. 235 అధికరణ కింద వాటిపై అజమాయిషీ హైకోర్టుది, డబ్బు సంచి రాష్ట్ర ప్రభుత్వానిది. మన రెండు రాష్ట్రాల్లో జిల్లా కోర్టుల నుంచి పోస్టుల లెక్కలు, ఖర్చు అంచనాలు హైకోర్టుకు చేరతాయి. అక్కడి నుంచి న్యాయశాఖకు, ఆ పైన ఆర్థిక శాఖకు. పద్దు పాసయ్యాక కూడా విడుదల ఉత్తర్వు రావాలి, ఆ తర్వాత ట్రెజరీలో బిల్లు కదలాలి. ఉత్తర్వు ఫిబ్రవరిలో వస్తే టెండరు పిలిచే వ్యవధి ఉండదు, మార్చి 31తో మిగిలింది మురిగిపోతుంది. మరుసటి ఏడాది అంచనాలప్పుడు 'పోయినసారి ఇచ్చిందే ఖర్చు పెట్టలేదు' అని అదే ఆర్థిక శాఖ కొర్రీ వేస్తుంది.

ఇది ఊహ కాదు. కేంద్ర, రాష్ట్రాల మధ్య నిధుల పంపకాన్ని సిఫార్సు చేసే ఆర్థిక సంఘాల్లో 13వది 2010–15 కాలానికి న్యాయవ్యవస్థ కోసం 5,000 కోట్లు కేటాయిస్తే అందులో సగం కూడా ఖర్చు కాలేదు. 14వ సంఘం 9,749 కోట్ల ప్రతిపాదనను సమర్థించింది గానీ విడిగా గ్రాంటు ఇవ్వలేదు. 42 శాతానికి పెరిగిన పన్నుల వాటాలోంచి రాష్ట్రాలే పెట్టుకోవాలంది. తిరిగి తిరిగి నిర్ణయం రాష్ట్ర ఆర్థిక శాఖకే చేరింది.

అమెరికాలోనూ 1939 దాకా ఫెడరల్ కోర్టుల బడ్జెట్‌ను నడిపింది ప్రభుత్వ న్యాయశాఖే. ఆ ఏడాది చట్టంతో కోర్టులకు సొంత పరిపాలనా కార్యాలయం వచ్చింది. ఇప్పుడు ఆ కార్యాలయం అంచనాలు కడుతుంది, ఫెడరల్ జడ్జీల విధాన మండలి అయిన జ్యుడీషియల్ కాన్ఫరెన్స్ ఆమోదిస్తుంది, అక్టోబరు 16 లోపు అధ్యక్షుడికి చేరుస్తారు. సుప్రీంకోర్టుది విడి పద్దు. చట్టం ప్రకారం అధ్యక్షుడు ఆ అంకెల్ని మార్చకుండా తన బడ్జెట్‌లో పెట్టాలి. అందువల్ల కోర్టులు ఎంత అడిగాయో అందరికీ తెలుస్తుంది. కాంగ్రెస్ కోస్తే బహిరంగంగా, విచారణలు జరిపి కోస్తుంది.

నా దృష్టిలో అంతకన్నా పెద్దది పాసయ్యాక జరిగేది. ప్రభుత్వ శాఖల డబ్బును విడతలుగా వదిలేది వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం. కోర్టుల డబ్బును విడతలుగా పంచుకునే అధికారం మాత్రం చట్టం కోర్టుల అధికారికే ఇచ్చింది. విడుదల ఉత్తర్వు కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఫైలింగ్ ఫీజుల్లో కొంత, ఆన్‌లైన్ రికార్డులకు పేజీకి 10 సెంట్ల చొప్పున వసూలు చేసేది కోర్టుల దగ్గరే ఉండి, మరుసటి ఏడాదికీ పనికొస్తుంది. మన దగ్గర కోర్టు ఫీజు ఖజానాలో కలిసిపోతుంది.

ఆ పద్ధతికీ చిల్లులున్నాయి. 2013లో సీక్వెస్ట్రేషన్ అనే గంపగుత్త కోత పడి కోర్టులు దాదాపు 35 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నాయి. జడ్జీల జీతం తగ్గించడం రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి దెబ్బ సిబ్బంది మీద, పేద నిందితుల తరఫు డిఫెండర్ కార్యాలయాల మీద పడింది. 2025 జులై మొదట్లో పేద నిందితుల తరఫున వాదించే ప్రైవేటు లాయర్లకు ఇచ్చే పద్దు అడుగంటి, నెలల తరబడి చెల్లింపులు ఆగాయి. కాంగ్రెస్‌లో బడ్జెట్ తెమలకపోతే షట్‌డౌన్, అంటే నిధుల్లేక ప్రభుత్వ పనులు ఆగిపోవడం. ఫీజుల నిల్వ కొన్ని వారాలే ఆదుకుంటుంది. బడ్జెట్ పాసయ్యేదాకా తాత్కాలికంగా ఖర్చుకు అనుమతించే ఓటాన్ అకౌంట్ అలవాటున్న మనకు ఆ బెడద లేదు. భవనాల విషయంలో అక్కడి కోర్టులు కూడా ప్రభుత్వ భవనాల సంస్థకు అద్దె కట్టే కిరాయిదారులే.

బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లో కోర్టుల నిధులు న్యాయశాఖ పద్దులోంచే వస్తాయి, ఎంతన్నది జడ్జీలతో మాట్లాడి తేలుస్తారు. మంత్రి మంచివాడైతే బాగానే నడుస్తుంది.

నన్ను ఎంచుకోమంటే షట్‌డౌన్ గండం ఉన్నా అమెరికా పద్ధతి వైపే. దాన్ని మొత్తంగా తెచ్చుకోనక్కర్లేదు. అంచనాను మార్చకుండా సభ ముందుంచడం, పాసయ్యాక విడుదల అధికారం హైకోర్టుకు ఇవ్వడం, ఈ రెండూ చాలు. భవనాల కోసం అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రతిపాదించిన జాతీయ సంస్థ 2022 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రుల సమావేశంలో ముందుకు సాగలేదు. రాష్ట్ర స్థాయి సంస్థలు చాలన్నారు. కానీ రోజువారీ ఖర్చుకు ఏ సంస్థా అక్కర్లేదు.

మీ రాష్ట్రం సంగతి తేల్చుకోవాలంటే బడ్జెట్ పుస్తకంలో 2014 నంబరు పద్దు (ఇది సంవత్సరం కాదు), 'న్యాయ పరిపాలన', తీయండి. ఒకే ఏడాదికి బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు మూడూ కావాలంటే ఒక్క పుస్తకం చాలదు, తర్వాతి ఏళ్లవీ పక్కన పెట్టుకోవాలి. హైకోర్టు చార్జ్‌డ్ వరుసను వదిలేసి సివిల్, సెషన్స్ కోర్టుల వరుసలో జీతాలు కాని ఖర్చులు చూడండి. విడుదల ఆగితే ముందు తగ్గేది ఆ అంకెలే.